జిల్లెళ్లవాగు మట్టం: డిట్టో

మా సంస్థలో ఖాళీ కుర్చీలు ఎన్నైనా ఉండవచ్చు. ఖాళీ గడి మాత్రం ఉండకూడదు. రిజిస్టరులో ఏ గడినీ ఖాళీగా వదలరాదనీ, రాయడానికి ఏమీ దొరక్కపోతే పై గడిలో ఉన్నదే నిజమనుకుని 'డిట్టో' అని రాయాలనీ ఎప్పుడో ఒక పెద్దాయన ఉత్తర్వు వేసి రిటైరయ్యాడు. ఆయన వెళ్లిపోయాడు, ఉత్తర్వు ఉండిపోయింది. ఆయన తర్వాత వచ్చిన పెద్దాయన ఏం చేశాడని అడిగితే, డిట్టో.

మాది వాగుల నీటిమట్ట సంకేతాల సంస్థ. జిల్లాలో రోడ్డు మీదుగా వాగులు పారే చోట్లు అరవై మూడు. వాగు ఉన్న చోట స్తంభం పాతడం మా పని, ఆ స్తంభం గురించి వాగడం మా ఉద్యోగం. నేనక్కడ సూపరింటెండెంటును. సమావేశాల నివేదికలు రాసేది నేనే కాబట్టి ఈ కథలో జరిగినదంతా నా దస్తూరీలోనే జరిగింది.

ప్రతి స్తంభం నెత్తిన ఒక సెన్సరు ఉంటుంది. కిందికి చూసి, రోడ్డు మీద నీళ్లు ఎంత లోతున్నాయో చెబుతుంది. స్తంభం నడుమన, ఆ లోతును అంకెల్లో చూపే ఒక బోర్డు. నీళ్లు అర అడుగు లోపు ఉంటే పచ్చ లైటు వెలిగి 'వెళ్లవచ్చు' అంటుంది. దాటితే ఎర్ర లైటు వెలిగి 'ఆగండి' అంటుంది. సెన్సరు ఒక పథకంలో వచ్చింది కాబట్టి ఊరి కరెంటుతో నడుస్తుంది. బోర్డు ఇంకో పథకంలో వచ్చింది కాబట్టి సోలారు బ్యాటరీతో వెలుగుతుంది. కరెంటు పోయిందా, సెన్సరు కన్ను మూస్తుంది. బోర్డు మాత్రం వెలుగుతూనే ఉంటుంది, కన్ను మూసినా నోరు మూయని అధికారిలా.

ఈ రెండింటి మధ్యా బోర్డు బ్యాటరీ మీదే బతికే ఒక డబ్బా, ఆ డబ్బాలో ఒక చిన్న ప్రోగ్రాం. సెన్సరు చెప్పింది విని బోర్డుకు అందించడమే దాని పని. దాన్ని డివైస్ డ్రైవర్ అంటారు. మా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ వాళ్లు దాని లైసెన్సు నంబరు అడిగారు. ఆ గడిలో డిట్టో అని రాసి పంపాం.

ఆ ప్రోగ్రాం రాసిన కంట్రాక్టరు మహా భయస్తుడు. కరెంటు రాకపోతే ఏం చెయ్యాలన్న దాని మీదే మూడు పేజీలు రాశాడు. సెన్సరు కంటికి కరెంటు అందకపోతే ఒక ఎర్రరు, మెదడుకు అందకపోతే ఇంకొకటి, అంది కూడా చాలకపోతే మరొకటి, అందలేదన్న సంగతి చెప్పడంలో ఆలస్యమైతే అందుకొకటి. ఇలా ఒక్కసారి కరెంటు పోతే పదకొండు ఎర్రర్లు. మా జిల్లాలో రోజుకు తొమ్మిదిసార్లు పోతుంది. అరవై మూడు స్తంభాలకూ లెక్కేస్తే రోజుకు ఆరువేల రెండువందల ముప్పై ఏడు. నెలాఖరు సమీక్షలో ఆ అంకె చదవగానే రాజధాని నుంచి ఫోను వచ్చేది. సమీక్షకూ శిక్షకూ ప్రాస ఊరికే కుదరలేదు.

ఫోను అందుకునేది మా చీఫ్ ఇంజనీరు వరదాచారి గారు. ఆయన పేరులో ఉన్న వరద తప్ప మరో వరదను దగ్గర్నుంచి చూసినవారు కారు. అయినా వరదల మీద ఆయన మాట్లాడటం మొదలుపెడితే గట్టు దాటకుండా ఆగేది కాదు.

ఆ ఏడాది మే నెలలో పైనుంచి ఒక సర్క్యులరు దిగింది. 'సరళీకరణ పక్షోత్సవాలు' జరపాలట. ప్రతి శాఖా తనలో సంక్లిష్టంగా ఉన్న ఒక దాన్ని పదిహేను రోజుల్లో సరళం చెయ్యాలి. మా ఆఫీసులో సరళ అని ఒక టైపిస్టు ఉండేది. ఆమె బదిలీ అయ్యాక మా దగ్గర సరళమైనదేదీ మిగల్లేదు. అందుకని వరదాచారి గారు వెతికి వెతికి ఎర్రర్ల మీద చెయ్యి వేశారు.

పని తస్లీమాకు అప్పజెప్పారు. ఆమె మాకు కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసే అమ్మాయి. మా ఆఫీసులో కుర్చీ కన్నా ముందు పని వెతుక్కున్న మొదటి మనిషి. ఆమె చేసిన మొదటి తప్పు ఏమిటంటే, ఫైలు చూడకుండా బస్సెక్కి వాగు చూడటానికి వెళ్లింది.

జిల్లెళ్లవాగు దగ్గర బుచ్చిలింగం ఉంటాడు. లష్కరు. అంటే నీళ్లను కాపలా కాసే ఉద్యోగి. స్తంభాలు పుట్టక ముందు నుంచీ అక్కడ రాతి మీద గీసిన గీతలు చూసి లోతు చెప్పేవాడు. స్తంభం వచ్చాక కూడా ఔట్‌సోర్సింగు పేరుతో ఏడాదికోసారి పొడిగింపు తెచ్చుకుంటూ అక్కడే నిలబడి ఉన్నాడు. మెళ్లో ఈల, భుజాన ఎర్ర తువ్వాలు. అదే ఆయన యూనిఫారం.

"కరెంటు పోతే నువ్వేం చేస్తావు కాకా?" అని అడిగిందట తస్లీమా.

"ఏముంటది బిడ్డా. లైటు మీద నమ్మకం బెట్టుకోను. ఈల కొడత, తువ్వాల ఊపుత, ఆగుమంట. నాకు కనబడనప్పుడు పొమ్మని ఎట్ల జెప్త?"

ఆమె ఆ మాటను పట్టుకుని వచ్చి, మూడు పేజీల ప్రోగ్రామును మూడు ముక్కలు చేసింది. అంటే చింపలేదు, కుదించింది.

జూన్ మొదటివారంలో కమిటీ కూర్చుంది. కమిటీ అంటే మా దగ్గర కమ్మటి టీ, దాని తర్వాత ఏమైనా మిగిలితే చర్చ. వరదాచారి గారు అధ్యక్షులు. ఆయన కుడిపక్కన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు మార్తాండరావు గారు. పెద్దాయన ఏమన్నా దానికి ఇంకో గజం కలిపి తిరిగి అందించడం ఈయన ప్రత్యేకత.

"మూడే ముక్కలు సార్," అంది తస్లీమా. "ముందు కరెంటు ఉందా అని అడుగుతుంది. లేకపోతే 'కరెంటు లేదు' అని ఒక్కసారి చెబుతుంది. ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. అంతే."

"ఒక్కసారేనా?" అన్నారు వరదాచారి గారు.

"కరెంటు పోయింది ఒక్కసారే కదా సార్."

పెద్దాయన కళ్లు చెమర్చాయి. "పదకొండు ఒకటైంది! ఇదీ సరళీకరణ అంటే. నమోదు చేయండి."

నేను నమోదు చేసేలోపు మార్తాండరావు గారు గొంతు సవరించుకున్నారు. "సార్, ఒక వినయపూర్వక సందేహం. పదకొండు ఒకటి కాగలిగినప్పుడు, ఆ ఒకటి సున్నా ఎందుకు కారాదు?"

గదిలో టీ కప్పులు సాసర్లలోకి దిగాయి. అందరూ ఆ ప్రశ్న గొప్పతనాన్ని ఎవరి శక్తికొద్దీ వాళ్లు మింగుతున్నారు.

"కూలంకషంగా పరిశీలించగా," మార్తాండరావు గారు కొనసాగించారు, "ఈ మూడు ముక్కల్లో ముగ్గురు శత్రువులున్నారు సార్. మొదటిది, 'కరెంటు లేదు' అనడం. ఇది విద్యుత్ శాఖ మీద అభియోగం. సోదర శాఖను మన స్తంభం వీధిలో నిలబడి నిందించడం సమంజసం కాదు. రెండోది, ఎర్ర లైటు. ఎర్రరు వస్తే ఎర్ర లైటు, ఎర్ర లైటు వస్తే జనం, జనం వస్తే విలేకరి. మూడోది మరీ ఘోరం. 'ఆగిపోతుంది' అంటోంది ఈ అమ్మాయి. సెలవు మంజూరు కాకుండా ప్రభుత్వ పరికరం పని ఎలా ఆపుతుంది?"

"మరి కరెంటు లేనప్పుడు అదేం చెప్పాలి సార్?" అంది తస్లీమా. "దానికేం కనపడదు కదా."

"కనపడనప్పుడు మనం రిజిస్టరులో ఏం రాస్తున్నాం?" అని వరదాచారి గారు నావైపు తిరిగారు.

"డిట్టో సార్," అన్నాను.

పాతికేళ్ల సర్వీసులో నేను చెప్పిన మాట కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించడం అదే మొదలు. నోరు జారిన మాటకే ఆ గౌరవం దక్కుతుందని నాకప్పటిదాకా తెలియదు.

తీర్మానం ఇలా రాశాను: 'విద్యుత్తు అందని సందర్భంలో డ్రైవరు తన గడిని ఖాళీగా వదలక, చివరగా అందిన నీటిమట్టాన్నే డిట్టోగా పునరుద్ఘాటిస్తూ, అవిచ్ఛిన్నంగా సేవలందించవలెను.'

"సార్," తస్లీమా లేచి నిలబడింది. "చివరిసారి చూసినప్పుడు పచ్చ ఉండి, తర్వాత కరెంటు పోయి, తర్వాత వాన పడితే? నాలుగడుగుల నీళ్లుంటే కూడా పచ్చే చూపిస్తుంది. జనం దిగుతారు సార్."

"వాన పడటం మన శాఖ పరిధి కాదమ్మా," అన్నారు మార్తాండరావు గారు చాలా సౌమ్యంగా. "దానికి వేరే శాఖ ఉంది."

"ప్రోగ్రాం మీద నా పేరుంటుంది సార్."

"దాన్నీ సరళీకరిద్దాం," అన్నారు వరదాచారి గారు. పేరు తీసేశారు. అక్కడ గడి ఖాళీ అయింది కనుక, డిట్టో.

ఆ నెలాఖరు సమీక్షలో మా ఎర్రర్లు సున్నా. రాజధాని నుంచి ఫోను వచ్చింది, ఈసారి అభినందించడానికి. డిట్టో కొట్టి దిట్టలమైపోయాం. సమావేశాల్లో బిస్కెట్ల స్థానంలో దోశెలు వచ్చాయి. దోషాలు తగ్గినకొద్దీ దోశెలు పెరిగాయి.

అంతటితో ఆగితే అది మా సంస్థ కాదు. జూలై మొదట్లో మార్తాండరావు గారు గోడంత పటం ఒకటి తెచ్చి పరిచారు. అందులో కొన్ని వాగుల గీతలు కొండల్లా లేచి పడుతున్నాయి. కొన్ని వాగుల గీతలు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

"ఈ తిన్నటి గీతలేమిటి?" అన్నారు పెద్దాయన.

"కరెంటు సరిగా రాని ఊళ్లవి సార్. జిల్లెళ్లవాగు చూడండి. అక్కడ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఇరవై రోజులైంది. ఇరవై రోజులుగా పావు అడుగు! వెంట్రుకవాసి తేడా లేదు. అదే కరెంటు బాగా వచ్చే చోట్ల చూడండి, ఒకనాడు అర అడుగు, ఒకనాడు రెండడుగులు, క్రమశిక్షణ అన్నది లేదు."

వరదాచారి గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించినప్పుడల్లా నేను కొత్త కాగితం తీసి పెట్టుకుంటాను.

"అంటే, నీటి అస్థిరతకు మూలకారణం కరెంటన్నమాట."

"తమరు సూత్రీకరించాక అలాగే కనిపిస్తోంది సార్."

"కరెంటు సరఫరా లోపాలకు కూడా మూలకారణం కరెంటు సరఫరాయే కదా? మూలాన్నే తీసేస్తే?"

తస్లీమా ఆ తిన్నటి గీత మీద వేలు పెట్టింది. "కరెంటు తీసేస్తే అది సెన్సరు కాదు సార్, ఉత్త స్తంభం," అంది.

"స్తంభం కూడా ప్రభుత్వ ఆస్తేనమ్మా. తక్కువగా చూడకూడదు."

వారం తిరిగేసరికి అరవై మూడు స్తంభాలకూ కరెంటు తీగలు కోసేశారు. తీగ కోయడానికి వచ్చిన లైనుమన్ ఒకతను, "మీకంటే ముందు కరెంటు వద్దన్న ఆఫీసు నా సర్వీసులో లేదు," అని దణ్ణం పెట్టి వెళ్లాడు. అరవై మూడు గీతలూ తిన్నగా సాగాయి. జిల్లా మొత్తం మీద వాగులన్నీ పాఠశాల ప్రార్థనలో పిల్లల్లా కదలకుండా నిలబడ్డాయి, కాగితం మీద.

ఆ వారమే బుచ్చిలింగం ఆఫీసుకొచ్చాడు. జూలై ముప్పై ఒకటితో ఆయన గడువు అయిపోతుంది. పొడిగింపు కోసం అర్జీ తెచ్చాడు. మార్తాండరావు గారు అర్జీ చదవకుండానే పక్కన పెట్టారు.

"ఇంక లష్కర్ల అవసరం లేదు లింగం. నీటిమట్టాలన్నీ నిలకడగా ఉన్నాయి. నిలకడగా ఉన్నదాన్ని చూస్తూ కూర్చోవడానికి మనిషెందుకు?"

"నీళ్లు నిలకడగ ఉంటే దాన్ని చెరువంటరు సార్. మాది వాగు."

"రికార్డు ప్రకారం మాట్లాడు."

"రికార్డు నాకు చదవరాదు సార్. వాగు చదవొస్తది," అని, బుచ్చిలింగం నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మీరన్న చెప్పుండ్రి సార్. నా పొట్ట సంగతి పక్కకు బెట్టుండ్రి. నేను లేనినాడు ఆ పచ్చ లైటు జూసి ఎవడన్న దిగితే ఎట్ల?"

ఆ పచ్చ లైటు వెనక ఉన్న మాట నాదే. తల వంచుకుని ఆయన అర్జీ మీద ఇన్‌వర్డు నంబరు వేశాను. పాతికేళ్లుగా నాకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

జూలై ముప్పై ఒకటి. ఆ రోజే జిల్లెళ్లవాగును 'శూన్యదోష కేంద్రం'గా ప్రకటించే సభ. నలభై రోజులు దాటినా పావు అడుగు నుంచి కదలని వాగు రాష్ట్రంలో ఇంకెక్కడా లేదు మరి. సభ అవతలి ఒడ్డున, బడి ఆవరణలో. పొద్దున పదిగంటలకు జీపులో బయల్దేరాం. ముందు సీట్లో వరదాచారి గారు, వెనక మార్తాండరావు గారు, ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడానికి తస్లీమా, దండలూ నివేదిక పుస్తకమూ పట్టుకుని నేను. జీపు నడిపేది ఎల్లమంద. టౌనులో ఎండ కాస్తోంది. పైన గుట్టల్లో రెండు రోజులుగా వాన పడుతోందన్న సంగతి వేరే శాఖది.

వాగు దగ్గరికి చేరేసరికి స్తంభం మీద పచ్చ లైటు కళకళలాడుతోంది. 'వెళ్లవచ్చు.' దాని కింద రోడ్డు లేదు. ఎర్రమట్టి నీళ్లు ఒడ్డులు రాసుకుంటూ, చెట్ల కొమ్మలు మోసుకుంటూ, రొద చేస్తూ పోతున్నాయి. రోడ్డుకు అడ్డంగా, నడుం దాకా తడిసిన బుచ్చిలింగం ఎర్ర తువ్వాలు ఊపుతున్నాడు.

"అడ్డు తొలగు లింగం. సార్‌కు ఆలస్యమవుతోంది," అన్నారు మార్తాండరావు గారు.

"నాలుగడుగులున్నయ్ సార్."

"బోర్డు మీద పావు అడుగని ఉంది."

"బోర్డు తడవలే సార్. నేను తడిసిన."

వరదాచారి గారు జీపు దిగారు. నీళ్లను చూశారు. బోర్డును చూశారు. మళ్లీ నీళ్లను చూశారు. ముప్పై ఏళ్ల సర్వీసులో రికార్డునూ వాగునూ ఒకే చోట పక్కపక్కన చూడటం ఆయనకదే మొదటిసారి.

"మార్తాండరావ్, అధికారిక నీటిమట్టం ఎంత?"

"పావు అడుగు సార్."

"మరి ఇదేమిటి?"

మార్తాండరావు గారు నీళ్లవైపు వేలు చూపించారు. "ఇది... అనధికారిక జలం సార్."

"అనధికారిక జలానికి మనం స్పందిస్తే రేపు అదే అలవాటవుతుంది," అన్నారు పెద్దాయన, జీపెక్కి కూర్చుని. "పోనీయ్ ఎల్లమందా."

ఎల్లమంద ఇంజను ఆపాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"నేను గూడ డ్రైవర్నే సార్. గానీ డబ్బల ఉన్న డ్రైవరు లెక్క డిట్టో కొట్టలేను. నాకు కండ్లున్నయ్, ఇంట్ల పిల్లలున్నరు."

"ఇది ఆజ్ఞోల్లంఘన!"

"రాసుకోండ్రి సార్. రాసేటాయన ఎనక సీట్లనే ఉన్నడు."

నేను పుస్తకం తెరిచాను గానీ ఏం రాయాలో తోచలేదు. గడి ఖాళీగా ఉండిపోయింది.

"నేను నిరూపిస్తాను సార్," అన్నారు మార్తాండరావు గారు, ప్యాంటు కాస్త పైకి లాక్కుంటూ. "పావు అడుగంటే మూడు అంగుళాలు. నా బూటు మడమే ఆ ఎత్తుంటుంది." బుచ్చిలింగం వద్దంటున్నా వినకుండా అడుగు వేశారు. మొదటి అడుగుకు మోకాలు మాయం. రెండో అడుగుకు తొడ మాయం. మూడో అడుగు వేయడానికి కింద ఏమీ లేదు. "సార్" అన్న మాట సగంలో ఉండగా బుచ్చిలింగం తువ్వాలు విసిరాడు. ఆ కొస మార్తాండరావు గారు, ఈ కొస బుచ్చిలింగం, బుచ్చిలింగం నడుం ఎల్లమంద, ఎల్లమంద చొక్కా నేను పట్టుకుని లాగాం. మనిషి వచ్చాడు. కుడికాలి బూటు రాలేదు. అది నీళ్ల మీద తేలి మలుపు తిరిగి కళ్ల ముందే మాయమైంది. మా సంస్థకు చెందినదేదీ అంత వేగంగా ముందుకు కదలడం నేనెప్పుడూ చూడలేదు.

మార్తాండరావు గారు ఒడ్డున కూర్చుని కాసేపు దగ్గి, "అధికారిక మట్టానికి స్వల్ప సవరణ అవసరం సార్," అన్నారు.

అప్పుడే అవతలి ఒడ్డున బస్సు కనిపించింది. ఇంకా సార్లు రాలేదేమని, మమ్మల్ని ఎదురొచ్చి తీసుకెళ్లడానికి బడివాళ్లు పంపిన బస్సు. స్వాగత నృత్యం చేసే ముప్పైమంది ఆడపిల్లలు అందులోనే ఉన్నారు. కిటికీల నిండా గాజుల చేతులు. వాగు మీదికి వాలే మలుపులో ఆ డ్రైవరుకు నీళ్లకన్నా ముందు కనిపించేది పచ్చ లైటే.

బస్సు వేగం తగ్గలేదు.

"పచ్చ చూసి వస్తున్నాడు," అంది తస్లీమా.

బుచ్చిలింగం నీళ్లలోకి దిగాడు, మోకాళ్ల దాకా, ఇంకా ముందుకు, తొడల దాకా. ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత విన్న చప్పుడు నేను ఏ నివేదికలోనూ రాయలేను. వాగు రొదను చీల్చుకుని అవతలి ఒడ్డు దాకా పోయింది. తువ్వాలు తల మీద తిరుగుతూనే ఉంది. పైన లైటు వెళ్లవచ్చంటోంది, కింద మనిషి ఆగమంటున్నాడు. ఆ రెంటి మధ్యా బస్సు డ్రైవరు ఒక్క క్షణం ఎవరి మాట వినాలో తేల్చుకోలేకపోయాడు. ముందు చక్రాలు నీళ్లను తాకాయి. అప్పుడు కీచుమంటూ ఆగింది. మెల్లగా వెనక్కి వెళ్లింది.

పిల్లలు ఈల తమకు స్వాగతమనుకుని కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు.

వరదాచారి గారు రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నారు. "ఇవాళ తారీఖెంత?" అన్నారు.

"ముప్పై ఒకటి సార్."

"రేపట్నుంచి ఇక్కడ ఎవరుంటారు?"

జవాబు బోర్డు మీద పచ్చగా వెలుగుతోంది.

"సార్, నా మూడు ముక్కలు పెట్టుకోండి," అంది తస్లీమా. "తీగలు మళ్లీ వేయించండి. కరెంటు లేకపోతే లేదని చెప్పనివ్వండి. ఎర్ర లైటు వేయనివ్వండి."

పెద్దాయన ముఖం ఎండిపోయింది. "పెట్టవచ్చమ్మా. కానీ పెడితే ఎర్రరు వస్తుంది. నిన్ననే సున్నా అని రాజధానికి రాసి పంపాం. సున్నాను వెనక్కి తీసుకునే విధానం మన దగ్గర లేదు."

నేను చేసిన పాపం ఒకటుంది. దాన్ని కడుక్కోవడానికి నాకు తెలిసిన నీళ్లు సిరా ఒక్కటే. గొంతు సవరించుకున్నాను.

"సార్, ఎర్రర్ల గడి సున్నాగానే ఉంచుదాం. పక్కన ఇంకో గడి గీద్దాం. 'ఈలలు' అని."

"ఈలలా?"

"కరెంటు పోతే ఎర్ర లైటు పడుతుంది, లష్కరుకు ఒక ఫోను వెళుతుంది. అతను వెళ్లి చూస్తాడు, ఈల కొడతాడు. ఈల ఎర్రరు కాదు సార్. సేవ."

"నాలుగో ముక్క," అంది తస్లీమా, నవ్వు ఆపుకుంటూ. "రాసేస్తాను సార్. ఒక్క వరుస."

వరదాచారి గారి కళ్లలో వెలుగు తిరిగొచ్చింది. వెంటనే ఆరిపోయింది. "లష్కరు పోస్టులేవయ్యా? మనుషులను పెట్టుకోవడానికి మంజూరు లేదు."

"మనుషులకు లేదు సార్. పరికరాలకు ఉంది. 'విద్యుత్తు లేనప్పుడు పనిచేయు ప్రత్యామ్నాయ ఉపకరణములు, అరవై మూడు' అని మూడేళ్ల కిందటే మంజూరైంది. ఏం కొనాలో తెలియక మనం కొనలేదు."

ఒంటి బూటుతో వణుకుతున్న మార్తాండరావు గారు మొదటిసారిగా గజం కలపకుండా, "బలపరుస్తున్నాను," అన్నారు.

జీపు బానెట్ మీద ఉత్తర్వు రాశాను. తస్లీమా మాత్రం నొచ్చుకుంది. "కాకను ఉపకరణం అనడం ఏం బాగుంటుంది సార్?"

బుచ్చిలింగం తువ్వాలు పిండుకుంటూ నవ్వాడు. "ఏమన్న రాసుకోనియ్ బిడ్డా. నా పేరు నాకెరుకే. నన్నీడ నిలబడనిస్తే సాలు."

ఆగస్టులో తీగలు మళ్లీ వచ్చాయి. లైనుమన్ ఈసారి దణ్ణం పెట్టకుండా నవ్వి వెళ్లాడు. మూడు పేజీల ప్రోగ్రాము నాలుగు ముక్కలైంది, పైన తస్లీమా పేరుతో. అరవై మూడుమంది లష్కర్లు స్టాకు రిజిస్టరులోకి ఎక్కారు. వాళ్లకు సెలవు కావాలంటే 'సర్వీసింగు' అని రాయాలి. జ్వరం వస్తే 'మరమ్మతు'. బుచ్చిలింగం మనవరాలి పెళ్లికి మూడు రోజులు సర్వీసింగుకు వెళ్లొచ్చాడు. ఎర్రర్లు సున్నా, ఈలలు మాత్రం నెలకు ఎన్నైనా.

అక్టోబరులో స్టాకు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఆయన్ను జిల్లెళ్లవాగుకు తీసుకెళ్లాను. స్తంభం చూసి టిక్కు పెట్టాడు. బోర్డు చూసి టిక్కు పెట్టాడు. తర్వాత రిజిస్టరులో వేలు పెట్టి, "ఉపకరణం ఒకటి, ఈలతో సహా. ఎక్కడుంది?" అన్నాడు.

"ఈడ్నే ఉన్న సార్," అంది ఉపకరణం.

"పనిచేస్తోందా?"

బుచ్చిలింగం ఈల కొట్టాడు. అధికారి చేతిలో కలం ఎగిరి గడ్డిలో పడింది. దాన్ని వెతికి తీసుకుని, చెవి రుద్దుకుంటూ, 'పనిచేస్తోంది' అని రాశాడు. మిగిలింది ఒకే గడి, 'ఈనాటి నీటిమట్టం'. ఆయన అలవాటుగా పై గడివైపు చూసి, 'డి' అన్న అక్షరం రాశాడు. బుచ్చిలింగం తడి చెయ్యి వచ్చి కలం మీద పడింది.

"గది మాత్రం రాయకుండ్రి సార్. దిగి చూసి రాయుండ్రి."

అధికారి తన బూట్లను చూసుకున్నాడు. నావైపు చూశాడు. నేనప్పటికే చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. ముగ్గురం దిగాం. నీళ్లు చల్లగా ఉన్నాయి. కాళ్ల కింద గులకరాళ్లు కదులుతున్నాయి. అధికారి చిన్నపిల్లాడిలా ప్యాంటు పైకి మడుచుకుని, వంగి, చేత్తో కొలిచి, 'జానెడు' అని రాశాడు.

'డి' మీద ఒక గీత కొట్టాడు. కొట్టివేత పక్కన అక్కడున్నవారంతా సంతకం పెట్టాలన్నది మా సంస్థ రెండో సూత్రం. ముగ్గురం పెట్టాం. తన మీద జరిగిన తనిఖీకి ఉపకరణమే సంతకం పెట్టిన రిజిస్టరు జిల్లాలో అదొక్కటే.